ముందు ఏ అప్పు తీర్చాలి? నేను తప్పుడు అప్పుతో మొదలుపెట్టాను

ఇంటి లోను, బండి లోను, క్రెడిట్ కార్డు బాకీ, బంధువుల దగ్గర చేబదులు ఉన్నాయి, చేతికి కాస్త డబ్బు వచ్చింది, ముందు దేనికి కట్టాలి అని అడిగారు. కొన్నేళ్ల కిందట నా మెడకీ సరిగ్గా ఈ నాలుగే ఉండేవి.

బోనస్ రాగానే లక్ష తీసుకెళ్లి ఇంటి లోనుకి కట్టేశాను. అన్నిటికంటే పెద్దది అదే మరి, రాత్రి పడుకుంటే కళ్ల ముందు ఆ అంకె కనిపించేది. కార్డులోనూ దాదాపు లక్ష ఉంది. కానీ నెలనెలా మినిమం డ్యూ, అంటే కనీసం కట్టాల్సిన మొత్తం, కడుతున్నాం కదా, అదెలాగోలా తెమిలిపోతుందిలే అనుకున్నాను.

కొన్ని నెలలయ్యాక ఒకరోజు కార్డు స్టేట్‌మెంట్ చివరి దాకా చదివాను. నెలకు 3 శాతం వడ్డీ. అంటే మూడు రూపాయల వడ్డీ! బయట ఎవరైనా ఆ వడ్డీకి ఇస్తానంటే దండం పెట్టి వచ్చేసేవాణ్ణి. నేను కట్టే మినిమం బాకీలో 5 శాతం, అందులో 3 వడ్డీకే పోతున్నాయి, అసలు తగ్గేది 2. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకినదానికి కూడా మామూలుగా దొరికే వడ్డీ లేని గడువు దొరకదు.

ఆ రోజు కాగితం తీసుకుని అన్ని అప్పుల్నీ నూటికి నెలకి ఎంత అని రాసుకున్నాను. ఇంటి లోను ఏడాదికి 9 శాతం, అంటే ముప్పావలా వడ్డీ. నా లక్ష అక్కడ నెలకు 750 మిగులుస్తోంది. అదే కార్డుకి కట్టి ఉంటే 3,000 మిగిలేవి.

బండి లోను దగ్గర ఇంకో మెలిక ఉంది. కాగితం మీద 10 శాతమే, కానీ అది ఫ్లాట్ రేటు. అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదట తీసుకున్న మొత్తం మీదే లెక్కకడతారు. ఇంటి లోనుకి అలా కాదు, మిగిలిన అసలు మీదే వడ్డీ, దాన్ని రెడ్యూసింగ్ అంటారు. మూడేళ్ల లోనుకి ఆ 10 శాతం, ఇంటి లోను లెక్కలో చూస్తే దాదాపు 18 శాతం అవుతుంది. రూపాయిన్నర వడ్డీ అన్నమాట. మీది ఫ్లాటో, రెడ్యూసింగో చూసుకోకుండా రెండు రేట్లనీ పోల్చకండి. అయినా నేను బండి లోను ముందే మూసెయ్యలేదు. నాలుగు కంతులే మిగిలాయి, ముందే మూసేస్తే వేసే ఫోర్‌క్లోజర్ ఛార్జీ ఎంతని అడిగితే మిగిలిన వడ్డీ కంటే అదే ఎక్కువ తేలింది.

మా ఆవిడ మాత్రం చిన్నవి ముందు వదిలించుకుంటే తలనొప్పి తగ్గుతుంది కదా అనేది. వడ్డీలు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు ఆమె మాటే రైటు. ఒక కంతు ఆగిపోతే ఆ డబ్బుని తర్వాతి అప్పుకి మళ్లించొచ్చు, మనిషికి ఊపూ వస్తుంది. ముప్పావలాకీ మూడు రూపాయలకీ మధ్య ఆ వాదన నిలవదు.

తర్వాత డబ్బు చేతికొచ్చినప్పుడు కార్డు బాకీ మొత్తం ఒక్కసారే తీర్చాను. ఉన్నదంతా ఊడ్చి మాత్రం కట్టకండి. మూడు నెలల కంతులకి సరిపడా పక్కన పెట్టుకోకపోతే, ఏ చిన్న అవసరం వచ్చినా మళ్లీ ఆ కార్డే గీకుతాం.

ఇంటి లోను చివరికి పెట్టుకున్నాను. దానికి కట్టేటప్పుడు కంతు తగ్గించాలా, గడువు తగ్గించాలా అని వాళ్లు అడక్కపోతే మీరే అడగండి. కంతు కట్టడం కష్టంగా లేకపోతే గడువే తగ్గించమనండి, వడ్డీ ఎక్కువ మిగులుతుంది. 20 ఏళ్ల లోను 9 శాతానికి తీసుకుంటే మొదటి కంతులో నూటికి 83 వడ్డీకే పోతాయి, కాబట్టి లోను కొత్తగా ఉన్నప్పుడు కట్టినదానికే ఫలితం ఎక్కువ.

కార్డు తర్వాత ఇంటి లోను జోలికి వెళ్లకుండా మామయ్య చేబదులు తీర్చాను. దానికి వడ్డీ సున్నా, నా కాగితం లెక్కలో అది ఆఖరున ఉండాలి. ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. నేనే ఆయనకి ఫోన్ చెయ్యడం మానేశాను, ఆయన చేస్తే రెండు నిమిషాల్లో పెట్టేసేవాణ్ణి. ఇంతకీ మీ బండి లోను ఇంకా ఎన్ని కంతులుంది?