పాటల పెట్టె: ఆ పాటే ఎందుకు పోతుంది?

ప్రశ్న: సార్, నేను మొబైల్ షాపులో పనిచేస్తాను. మా అవ్వ మాటలు కొన్ని కలిపి ఒక పాట రాసుకుని, జీతంలో దాచుకున్న డబ్బుతో రికార్డు చేయించి యూట్యూబ్‌లో పెట్టాను. ఆరు నెలలైనా 312 మందే చూశారు. అదే వారం వచ్చిన ఇంకో మామూలు పాటకు ఊరంతా రీల్స్ చేస్తోంది. లోపం నా పాటలోనే ఉందా? లింకు పంపుతున్నాను.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: నాయనా, నీ పాట మూడుసార్లు విన్నాను. దాని సంగతికి తర్వాత వస్తాను.

తిరుపతి గాంధీ రోడ్డులో నాకు కాసెట్ల షాపు ఉండేది. ఖాళీ కాసెట్, పాటల చీటీ ఇచ్చిపోతే సాయంత్రానికి ఎక్కించి పెట్టేవాణ్ణి. సగం మందికి సినిమా పేరు తెలిసేది కాదు. గల్లాపెట్టె ముందు నిలబడి కూనిరాగం తీసేవాళ్లు. ఒకే పాట కోసం పదిమంది వస్తే, పదిమందీ అదే ముక్క పాడేవాళ్లు. నాలుగైదు మాటలు, ఒక చిన్న మలుపు, అంతే. గొంతు లేనివాడి నోట్లో కూడా ఆ ముక్క చెడిపోదు. జనం ఇంటికి మోసుకుపోయేది దాన్నే. మన చెక్కభజనల్లో గురువు ఒక మాట అందిస్తే పల్లె మొత్తం అందుకునేది కూడా అందుకే.

ఇప్పుడు నోటికి కాలు తోడైంది. 2021లో మన యాస మాట్లాడే పుష్ప వచ్చినప్పుడు, శ్రీవల్లి పాటలో కాలీడుస్తూ నడిచే అడుగు, చెప్పు జారిపోవడం గుర్తుంది కదా. డాన్సు రానివాళ్లు కూడా వేయగలిగారు. ఆ అడుగు లేకుంటే ఆ పాట అంత దూరం పోయేది కాదని నా నమ్మకం.

ఇక నిన్ను బాధపెడుతున్న విషయం. షాపుకు వచ్చినవాళ్లు మొదట అడిగేది, "ఏది బాగా పోతా ఉండాదినా?" అని. నేను ఏది చెబితే అది ఇంకా పోయేది. పొద్దున బయట స్పీకర్లో ఏ కాసెట్ వేస్తే మధ్యాహ్నానికి దాన్నే అడిగేవాళ్లు. కింది అరలో ఉండిపోయిన మంచి పాటలు తలచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు దీన్నే పరీక్షించి 2006లో ప్రచురించారు. ఎవరికీ తెలియని బ్యాండ్ల పాటలు 48 తీసుకుని, 14 వేల మందికి పైగా శ్రోతలను గుంపులుగా విడదీశారు. ఎనిమిది గుంపుల్లో, తమ తోటివాళ్లు ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కనిపించేది. అన్ని గుంపులకూ అవే పాటలు. అయినా ఒక పాట ఒక గుంపులో మొదటి స్థానంలో, మరో గుంపులో 40వ స్థానంలో నిలిచింది. బాగా మంచివి అట్టడుక్కు పోవడం, బాగాలేనివి పైకి రావడం అరుదే. మధ్యలో ఉన్నవాటి గతి మాత్రం మొదట విన్న కొద్దిమంది చేతుల్లో ఉంది. ఈరోజు ఆ అంకె ప్రతి ఫోన్‌లోనూ కనిపిస్తోంది. జనం ఆగి చూసిన రీల్‌ను యాప్ ఇంకా ఎక్కువమందికి చూపిస్తుంది.

కాబట్టి 312 అనేది నీ పాటకు పడిన మార్కు కాదు. బ్రిటన్ గాయని కేట్ బుష్ 1985లో పాడిన ఒక పాట, ఒక వెబ్ సిరీస్‌లో వాడాక, 2022లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి వచ్చింది. 37 ఏళ్లకు!

ఇప్పుడు నీ పాట. మొదటి 45 సెకన్లూ ఫ్లూటే ఉంది. నాకు ఇష్టమే, కానీ బస్టాండులో ఫోన్ చూసేవాడు అంతసేపు ఆగడు. రెండో చరణంలో "యాడికి పోతివిరా అబ్బయ్యా" అని అవ్వ మాట పెట్టావు చూడు, మర్నాడు పాలు కాచుకుంటూ నాకు తెలియకుండానే పాడుకున్నది అదే. అది మూడు నిమిషాల తర్వాత ఒక్కసారి వచ్చి వెళ్లిపోతోంది. దాన్నే పల్లవి చెయ్యి. మొదట్లోనే పాడు, ప్రతి చరణం తర్వాత తిరిగి రానివ్వు. డబ్బిస్తే వ్యూస్ తెప్పిస్తామనేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వద్దు. నీదని చెప్పకుండా మీ వీధిలో పదిమందికి వినిపించు. మర్నాడు వాళ్లలో ఎవరైనా కూనిరాగం తీస్తున్నారేమో గమనించు. మార్చాక నాకు మళ్లీ పంపు, వింటాను.