అమ్మానాన్న వచ్చేలోగా పెరట్లో దోమల పని చూడండి

డాలస్ చుట్టుపక్కల కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు ఏప్రిల్ నుంచే నన్ను అడుగుతుంటారు: "అన్నా, సాయంత్రం బ్యాక్‌యార్డ్‌లో ఐదు నిమిషాలు నిలబడలేకపోతున్నాం, ఎవరితో స్ప్రే కొట్టిస్తే మంచిది?" స్ప్రే సంగతి తర్వాత. ముందు మీ పెరట్లో నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో వెతికారా?

మన ఊళ్లో దోమలంటే వీధి కాలువ గుర్తొస్తుంది. ఇక్కడ కాలువ కనబడదు కాబట్టి పక్కనున్న క్రీకు (చిన్న వాగు) నుంచి వస్తున్నాయనుకుంటాం. నేనూ రెండు వేసవులు అలాగే అనుకున్నాను. మూడో ఏడు గడ్డి కోస్తూ, కప్పు మీది వాననీళ్లు కిందికి దించే డౌన్‌స్పౌట్ చివర తగిలించిన నల్లటి మడతల గొట్టాన్ని పక్కకి జరిపితే లోపల గలగలమంది. వాన పడి చాలా రోజులైంది, నేల నెర్రెలిచ్చింది, గొట్టంలో మాత్రం మడత మడతకీ నీళ్లు. తెల్ల గిన్నెలోకి వంచి చూశాను. సన్నటి దోమ పురుగులు ఒళ్లు మెలికలు తిప్పుకుంటూ మునుగుతున్నాయి, గాలి కోసం మళ్లీ పైకి తేలుతున్నాయి. ఆ గొట్టం తీసేసి నున్నటి పైపు వాలుగా పెట్టాకే మా పాటియోలో కూర్చోగలిగాం.

ఎండాకాలంలో గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికోసారి చూసి తీరాలి. 2020లో హైదరాబాద్‌లో 'ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు' అని ప్రచారం చేశారు, గుర్తుందా? ఇక్కడా అదే చేయండి. కప్పు అంచున ఆకులు అడ్డుపడిన గట్టర్లు, గ్రిల్ కవర్ మీది గుంట, పిల్లల బొమ్మలు, అన్నీ చూడండి. మనవాళ్ల ఇళ్లలో ముఖ్యంగా కరివేపాకు కుండీ! చలికాలమంతా ఇంట్లో ఉంచి, ఎండ రాగానే కింది ప్లేటుతో సహా బయట పెడతాం. ఆ ప్లేటు తీసేయండి. లేదంటే నీళ్లు పారబోసి ఊరుకోకుండా పీచుతో రుద్దండి. చారల కాళ్ల ఏడిస్ దోమ నీటి అంచున గుడ్లు అంటిస్తుంది, అవి ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి.

ఏడిస్ పగలు కుడుతుంది. నాకు ఎక్కువ భయం పొద్దుగూకాక వచ్చే క్యూలెక్స్ అంటే. మన దగ్గర బోదకాలు అంటించే దోమే ఇక్కడ పక్షుల నుంచి మనుషులకు వెస్ట్ నైల్ వైరస్ మోస్తుంది. అమెరికాలో మొదట 1999లో న్యూయార్క్‌లో బయటపడిన ఈ జబ్బు 2012లో డాలస్‌ని ఎంత వణికించిందంటే, విమానాలతో మందు చల్లించారు. సోకినవాళ్లలో చాలామందికి ఏమీ కాదు. కానీ కొద్దిమందికి మెదడు దాకా పాకుతుంది, అరవై దాటినవాళ్లకి ఆ ముప్పు ఎక్కువ. మనుషులకు టీకా లేదు. మన అమ్మానాన్నలు వచ్చేదేమో సరిగ్గా వేసవిలోనే, చల్లబడ్డాక కుర్చీ వేసుకు కూర్చునేదేమో పెరట్లోనే. నేను ఇంతగా పోరేది అందుకే.

వాళ్లు బయట కూర్చునే చోట ఒక పెద్ద ఫ్యాను పెట్టండి. దోమ గాలికి ఎదురు ఎగరలేదు. కాళ్లకీ చేతులకీ దోమల్ని దూరంగా ఉంచే మందు, డీట్ గానీ పికారిడిన్ గానీ, రాయండి. జిడ్డు, వాసన అని అమ్మ వద్దంటే పికారిడినే నయం. ఇదే పనికి వాడే నిమ్మ యూకలిప్టస్ నూనె మూడేళ్ల లోపు పిల్లలకు వద్దు. పురుగుల్ని చంపే నీలి లైటు యంత్రాలకు డబ్బు తగలేయకండి, వాటిలో చచ్చేవి ఎక్కువగా వేరే పురుగులే.

వాననీళ్ల పీపా లాంటివి ఖాళీ చేయలేం కదా, వాటిలో బీటీఐ (దోమ పురుగుల్ని చంపే ఒక బ్యాక్టీరియా) బిళ్ల వేయండి. దుకాణాల్లో మస్కిటో డంక్ అని దొరుకుతుంది. ఒక్కటి నెలరోజులు పనిచేస్తుంది, కుక్కలకీ పిట్టలకీ హాని లేదు.

ఇవన్నీ చేశాక కూడా తగ్గకపోతే అప్పుడు స్ప్రే. అదైనా గోంగూర మడికీ పూలకీ దూరంగా కొట్టమని మరీమరీ చెప్పండి. ఆ మందుకి తేనెటీగలూ చస్తాయి, అవి రాకపోతే మీ దోసపాదుకి పిందె నిలవదు.

పక్కింటి ఈతకొలను పట్టించుకోక పచ్చగా మారి, దోమలకు నెలవై ఉంటే మొహమాటపడకండి. ముందు వెళ్లి మంచిగా చెప్పండి. ఇల్లు ఖాళీగా ఉంటే, డాలస్ సిటీలోనైతే ఫిర్యాదుల నంబరు 311కి ఫోన్ చేయండి, వేరే ఊరైతే మీ సిటీ ఆఫీసుకి చెప్పండి.