ఈ మధ్య ఇంట్లో చూసిన సినిమాల్లో ఏవి నచ్చాయి, ఏవి నచ్చలేదు?

భాష ఏదైనా, పాతవైనా కొత్తవైనా పర్లేదన్నారు కాబట్టి ఒకదానికొకటి పొంతన లేని జాబితాతో వచ్చాను. అన్నీ పేరున్న సినిమాలే. తమాషా ఏంటంటే ఇంట్లో చూసేసరికి కొన్నింటి బలం సగానికి పడిపోయింది, కొన్ని హాల్లో కన్నా ఇక్కడే బాగున్నాయేమో అనిపించింది.

బలం తగ్గినదాంతోనే మొదలుపెడతాను. సామ్ మెండెస్ 2019లో తీసిన ‘1917’. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇద్దరు సైనికులు ఒక కబురు మోసుకెళ్తుంటారు, కెమెరా ఎక్కడా ఆగకుండా వాళ్ళ వెంటే నడుస్తున్నట్టు ఉంటుంది. నిజానికి పొడుగాటి షాట్లు తీసి, అతుకులు కనపడకుండా కలిపారు. కెమెరామన్ రోజర్ డీకిన్స్‌కి దీనికి ఆస్కార్ వచ్చింది, రావాల్సిందే. కానీ సినిమా పట్టంతా ఆ ఆగకపోవడంలోనే ఉంది. ఇంట్లో మనం ఆపుతాం: బెల్ మోగితే ఆపుతాం, ఫోనొస్తే ఆపుతాం. మళ్ళీ ప్లే నొక్కితే కథ దొరుకుతుంది గానీ ఆ ఆయాసం తిరిగి రాదు. అది లేకపోతే కథగా మిగిలేది పల్చన. చివరిదాకా ఎవరూ కదలరన్న హామీ ఉంటేనే పెట్టండి.

‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ (1957) సంగతి వేరు. తండ్రిని చంపాడన్న కేసులో ఓ కుర్రాడు దోషో కాదో తేల్చాల్సిన జ్యూరీ, ఒక గది, ఉక్కపోత. పేలుళ్ళు లేవు, పెద్ద తెర అవసరమూ లేదు. ఇలాంటి సినిమాకి రిమోట్ చేతిలో ఉండటమే లాభం. దర్శకుడు సిడ్నీ లుమెట్ మొదట్లో కెమెరాని మనుషుల కంటి ఎత్తుకు పైన పెట్టి, మధ్యలో కంటి ఎత్తుకు దింపి, చివరికొచ్చేసరికి ఇంకా కిందకు తెచ్చాడు. లెన్సులు కూడా పోనుపోను మార్చాడు. అందుకే గది ఇరుకైపోతున్నట్టు, పైకప్పు నెత్తి మీదికి వస్తున్నట్టు ఉంటుంది. మొదటి సన్నివేశం, చివరి వాదన వెనకా ముందూ తిప్పి చూడండి, తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నా ఫిర్యాదల్లా కుర్రాడి తరఫున మొదట ఒంటరిగా నిలబడే హెన్రీ ఫోండా పాత్ర మీదే, మరీ మంచివాడు. లీ జె. కాబ్ చేసిన, తన కొడుకు మీద కోపం పెట్టుకున్న జ్యూరీ సభ్యుడి దగ్గరే అసలు మనిషి కనిపిస్తాడు.

‘సెర్చింగ్’ (2018) మాత్రం టీవీలో కాదు, ల్యాప్‌టాప్‌లోనే చూడాలి. అనీష్ చాగంటి మొదటి సినిమా. కనపడకుండా పోయిన కూతురి కోసం తండ్రి వెతకడమంతా కంప్యూటర్, ఫోన్ తెరల మీదే జరుగుతుంది. అతను ఒక మాట టైప్ చేస్తాడు, ఆగుతాడు, చెరిపేస్తాడు, ఇంకోటి పంపిస్తాడు. మనసులో ఏముందో చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి? ముగింపు మరీ నీటుగా కుదిరిపోయింది, అదొక్కటే లోటు.

ఇక వీటన్నిటిలో నన్ను వదలనిది మలయాళం ‘ది గ్రేట్ ఇండియన్ కిచెన్’. 2021లో నేరుగా ఓటీటీలో వచ్చింది, దర్శకుడు జియో బేబీ. కొత్తగా పెళ్ళయిన అమ్మాయి, భర్త, మామగారు, వంటిల్లు. ముఖ్యమైన పాత్రలకు పేర్లే ఉండవు. నేపథ్య సంగీతం దాదాపు లేదు, ఆ చోటంతా తరుగుడు, వేపుడు, తోముడు చప్పుళ్ళదే. చూస్తున్నంతసేపూ ఒక చప్పుడు సినిమాలోదో మా వంటింట్లోదో తెలియక తల తిప్పాల్సి వచ్చింది. ఏ హాలూ ఇవ్వలేని సౌండ్ ఎఫెక్ట్ ఇది! సింకు కింద పైపు కారుతుంటుంది. ప్లంబర్‌ని పిలవమని ఆమె చెప్తూనే ఉంటుంది, భర్త మర్చిపోతూనే ఉంటాడు. ఎవరూ ఎవరినీ కొట్టరు, పెద్దగా అరవరు. మామగారైతే చాలా నెమ్మదస్తుడు, ఆ నెమ్మదితోనే అన్నం కట్టెల పొయ్యి మీద వండమంటాడు, తన బట్టలు వాషింగ్ మెషీన్‌లో వెయ్యొద్దంటాడు. ఇంట్లో పాటించని టేబుల్ మర్యాదలన్నీ హోటల్లో మాత్రం భర్త పాటిస్తాడు. ఆ మాటే ఆమె నవ్వుతూ అంటే అతని మొహం మాడిపోతుంది. ఆ ఒక్క సన్నివేశం మీదే గంటసేపు మాట్లాడొచ్చు. ఆ అమ్మాయిగా నిమిషా సజయన్ ఎక్కువ మాట్లాడకుండానే అన్నీ చెప్పేసింది, కాబట్టి చివరి నృత్యం నాకు అదనంగా అనిపించింది. సినిమా అయ్యాక మా ఇంట్లో ఎవరి కంచం వాళ్ళే తీశారు. ఆ ఒక్క పూటే లెండి.

‘పర్‌ఫెక్ట్ డేస్’ (2023) మొదలవగానే మావాళ్ళు రిమోట్ అందుకున్నారు, బొమ్మకి రెండు పక్కలా నల్లగా వస్తోంది, టీవీ సెట్టింగ్ మార్చమని. సెట్టింగ్ తప్పు కాదు, విమ్ వెండర్స్ దాన్ని పాత టీవీల కొలతలోనే తీశాడు. టోక్యోలో పబ్లిక్ టాయిలెట్లు శుభ్రం చేసే మనిషి రోజువారీ జీవితం, అంతే. కోజీ యాకుషోకి కేన్స్‌లో ఉత్తమ నటుడి అవార్డు ఎందుకిచ్చారో చివరి షాట్ చూస్తే తెలుస్తుంది. అయితే ఫోన్ చూసుకుంటూ చూస్తే ఇందులో ఏమీ ఉండదు, కాబట్టి ఒంటరిగా చూడండి.

‘బలగం’ (2023) దీనికి సరిగ్గా వ్యతిరేకం, ఒంటరిగా చూడొద్దు. వేణు యెల్దండి దర్శకత్వంలో వచ్చిన మొదటి సినిమా, ఇంటి పెద్ద చావుతో ఒకచోట చేరిన, మనస్పర్థలున్న కుటుంబం కథ. ఊళ్ళల్లో తెర కట్టి అందరూ కలిసి చూశారంటే ఊరికే కాదు. మొగిలయ్య, కొమురమ్మ పాడిన చివరి పాట వచ్చేసరికి గదిలో పదిమంది ఉండాలి, అందులో ఇద్దరికైనా ఒకరితో ఒకరికి మాటల్లేకుండా ఉంటే మరీ మంచిది. మధ్యలో కొంత సాగదీత ఉంది, పర్లేదు.

పిల్లలుంటే అన్నీ పక్కన పెట్టి ‘మాయాబజార్’ పెట్టేయండి. ఎన్నోసారో చూసినా పాండవులు తెర మీదికే రారన్న సంగతి మళ్ళీ గుర్తు చేస్తే తప్ప ఎవరికీ తట్టదు. మాయా శశిరేఖగా సావిత్రి ఘటోత్కచుడిలా నడిచే ఘట్టాలు ఆపి ఆపి, వెనక్కి తిప్పి చూడాల్సినవి. 2010లో రంగులద్ది విడుదల చేశారు గానీ, కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే వెన్నెలని నలుపు తెలుపుల కోసమే వెలిగించాడు, మీరు ఆ ప్రతే వెతికి పెట్టండి.