సిస్టమ్ స్లో అయిందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకటే గోడు: ఇంట్లో కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని. రాసినవాళ్ళలో చాలామంది అప్పటికే ఫార్మాట్ కొట్టించేశారు. ఎక్కడ ఆగుతోందో చూడకుండా ఫార్మాట్ కొట్టిస్తే జబ్బు అలాగే ఉంటుంది, ఫోటోలు మాత్రం పోతాయి. అందుకే ప్రతి జవాబులోనూ ముందు ఏం చూడాలో చెప్పి, తర్వాతే ఏం కొనాలో చెప్పాం.

ప్రశ్న: మాది పాత డెస్క్‌టాప్. ఐ3 నాలుగో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. స్విచ్ వేసి, కాఫీ కలుపుకుని తాగి వచ్చినా స్క్రీన్ మీద చుక్కలు తిరుగుతూనే ఉంటాయి. షాపులో ఫార్మాట్ చేసి ఇస్తే ఒక నెల బాగుంది, మళ్ళీ మామూలే. ఇప్పుడు ర్యామ్ వేయించమంటున్నారు. వేయించమంటారా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ర్యామ్ తర్వాత. ముందు మీకు కావలసింది హార్డ్ డిస్క్ బదులు వేసే ఎస్‌ఎస్‌డీ అనిపిస్తోంది. అలాగని మేం చెప్పామని కొనేయకండి, ఐదు నిమిషాలు కూర్చుని మీరే తేల్చుకోండి.

డెస్క్‌టాప్ వచ్చాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. చిన్న పెట్టెలా వస్తే కింద ‘మోర్ డీటెయిల్స్’ నొక్కి ‘పెర్ఫార్మెన్స్’లోకి వెళ్ళండి. సీపీయూ, మెమరీ, డిస్క్ వరసగా కనిపిస్తాయి. మీరేమీ తెరవకుండానే డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి, సీపీయూ మాత్రం 10, 15 దగ్గర ఖాళీగా ఉంటే దొంగ దొరికినట్టే. డిస్క్ మీద నొక్కితే ‘యావరేజ్ రెస్పాన్స్ టైమ్’ అని ఒక అంకె ఉంటుంది. అది వందల మిల్లీసెకన్లలో ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

ఎందుకిలా అంటే, హార్డ్ డిస్క్ లోపల పళ్ళెం తిరుగుతుంటే దాని మీద ఒక చెయ్యి అటూ ఇటూ జరుగుతూ చదువుతుంది. మీ డిస్క్ నిమిషానికి 7200 చుట్లు తిరిగేదనుకుందాం. ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు కిందకి రావడానికి సగటున అందులో సగం, చెయ్యి జరగడానికి మరో 8, 9. అంటే ఒక చిన్న ముక్క చదవడానికి 12, 13 మిల్లీసెకన్లు. సెకనుకు ఎనభై ముక్కలు చదివితే గొప్ప. విండోస్ లేచేటప్పుడు ఇలాంటి ముక్కలు వేలకు వేలు చదవాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. ఒక్కో ముక్కకు మిల్లీసెకనులో పదో వంతు చాలు. ఫార్మాట్ చేసిన కొత్తలో చదవాల్సినవి తక్కువ కాబట్టి నెలరోజులు హాయిగా ఉంది. తర్వాత అప్‌డేట్లు, యాంటీవైరస్, ప్రోగ్రాములు అన్నీ చేరాయి. డిస్క్ మాత్రం అదే కదా!

కొనేముందు పాత డిస్క్ ఆరోగ్యం చూడండి. ‘క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో’ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుంటే ‘గుడ్’ అనో, పసుపు రంగులో ‘కాషన్’ అనో చూపిస్తుంది. కింది పట్టికలో 05, సీ5, సీ6 వరసల్లో చివరి అంకె సున్నా ఉండాలి. ముఖ్యంగా సీ5లో సున్నా కానిదేదైనా కనిపిస్తే మిగతా పనులన్నీ ఆపి, ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు వేరేచోటికి కాపీ చేయండి. అలాంటి డిస్క్‌కు డీఫ్రాగ్ చేయొద్దు, ఫార్మాట్ అసలే వద్దు. చావుబతుకుల్లో ఉన్నదాన్ని పరిగెత్తించినట్టు అవుతుంది.

మీ మదర్‌బోర్డుకు 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది. 240 జీబీతో పని జరుగుతుంది, కుదిరితే 480 తీసుకోండి. డేటా కేబుల్ ఉందో లేదో ముందే చూసుకోండి, ఎస్‌ఎస్‌డీ డబ్బాలో సాధారణంగా రాదు. నాలుగో తరానికి మన ఊళ్ళలో ఎక్కువగా అమ్మినవి హెచ్81 బోర్డులు. వాటిలో డిస్క్ కేబుల్ గుచ్చే సాటా పోర్టులు రెండు రకాలు: రెండు 6 గిగాబిట్లవి, రెండు 3 గిగాబిట్లవి. ఎస్‌ఎస్‌డీని 6 ఉన్నదానికే పెట్టించండి. పొరపాటున రెండో రకానికి పెడితే సెకనుకు 500 మెగాబైట్లు రావలసిన చోట 270 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది. పోర్టు పక్కన బోర్డు మీదే రాసి ఉంటుంది, టార్చి వేసి చూడమనండి.

పాత విండోస్‌ను ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డీలోకి దించడాన్ని క్లోనింగ్ అంటారు. చాలా ఎస్‌ఎస్‌డీ కంపెనీలు దీనికి ఉచిత సాఫ్ట్‌వేర్ ఇస్తాయి. వాడిన జాగా ఎస్‌ఎస్‌డీ సైజుకన్నా తక్కువ ఉండాలి కాబట్టి పెళ్ళి వీడియోలు ముందే పక్కకు తీయండి. క్లోనింగ్ అయ్యాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్క్ కేబుల్ పీకేసి ఎస్‌ఎస్‌డీ ఒక్కదానితోనే లేపండి. రెండూ కలిపి ఉంచితే సిస్టమ్ మళ్ళీ పాతదాని నుంచే లేవవచ్చు, ‘ఎస్‌ఎస్‌డీ వేసినా తేడా లేదు’ అని రాసేవాళ్ళలో కొందరి సంగతి ఇదే. ఒక నెల నిక్షేపంగా నడిచాకే పాత డిస్క్ తుడిచి, ఫోటోలు దాచుకోవడానికి వాడుకోండి.

ర్యామ్ రెండో మెట్టు. క్రోమ్‌లో పది ట్యాబులు తెరిస్తే 4 జీబీ నిండిపోతుంది. నిండినదంతా డిస్క్ మీదికి మళ్ళుతుంది. 8 జీబీ ఉంటే ఆ బరువు తగ్గుతుంది. మీకు కావలసింది డెస్క్‌టాప్ డీడీఆర్3. డీడీఆర్4కు గాడి వేరేచోట ఉంటుంది, దూరదు, బలవంతం చేయనివ్వకండి. సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో ‘32 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్’ అని ఉంటే మాత్రం ఎన్ని జీబీలు వేసినా నాలుగు దాటి వాడుకోదు, ముందు 64 బిట్ విండోస్ వేయించాలి.

ప్రశ్న: మిర్చి యార్డు దగ్గర మా ఇల్లు. పొద్దున బాగానే ఉండే సిస్టమ్ మధ్యాహ్నం అయ్యేసరికి మొరాయిస్తుంది. ఫ్యాన్ మోత వీధిలోకి వినిపిస్తుంది. టాలీలో ఎంట్రీలు కొడుతుండగా రెండుసార్లు దానంతటదే ఆగిపోయింది.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వేడి. పొద్దున లేనిది మధ్యాహ్నం వస్తోందంటేనే సగం తెలిసిపోయింది. ప్రాసెసర్ వంద డిగ్రీల దగ్గరికి వెళ్తే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ తగ్గకపోతే ఆగిపోతుంది. ‘హెచ్‌డబ్ల్యూ మానిటర్’ లాంటి ఉచిత ప్రోగ్రాంలో చూడండి. ఊరికే ఉన్నప్పుడు 40, 50, పనిలో ఉన్నప్పుడు 70, 80 అయితే ఫర్వాలేదు. 95 దాటుతుంటే మేం చెప్పిందే. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో గది వేడి పది డిగ్రీలు పెరిగితే లోపల కూడా దాదాపు పది పెరుగుతుంది. మామూలు రోజుల్లో ఎలాగో నెట్టుకొచ్చే సిస్టమ్ అప్పుడు చేతులెత్తేస్తుంది.

మీ విషయంలో మిర్చి దుమ్ము కూడా ఉంది. అది మామూలు దుమ్ములా రాలిపోదు. కాయలోని నూనె వల్ల కాస్త జిడ్డుగా ఉండి, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మధ్య ఎర్రటి కంబళి ముక్కలా పేరుకుంటుంది. పైనుంచి చూస్తే ఫ్యాన్ శుభ్రంగానే కనిపిస్తుంది. కంబళి ఉండేది ఫ్యాన్ కింద.

సిస్టమ్ ఆపి, ప్లగ్గు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఉంచండి. డబ్బాను వరండాలోకి తీసుకెళ్ళండి. ముక్కుకు గుడ్డ, కళ్ళద్దాలు తప్పనిసరి, బ్లోయర్ పెట్టగానే లేచేది కారం! పెయింటు వేసే మెత్తటి బ్రష్షుతో వదులు చేసి, తర్వాత గాలి కొట్టండి. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను పెన్సిల్‌తో ఆపి పట్టుకోండి. గాలికి గిర్రున తిరగనిస్తే బేరింగు పోతుంది. తడిగుడ్డ వద్దు. పవర్ సప్లై డబ్బాకు బయటి నుంచి గాలి కొట్టండి కానీ మూత విప్పొద్దు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది, ప్రమాదం.

అప్పటికీ వేడి దిగకపోతే ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడిని దాటించే పేస్టు ఎండిపోయి సుద్దలా అయ్యుంటుంది. ఇంటెల్‌తో వచ్చే కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ గూటాలుంటాయి. వాటి మీద బాణం గుర్తు వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగితే కూలర్ వస్తుంది. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి, కొత్తది బఠాణీ గింజంత మధ్యలో పెట్టండి. చేత్తో పూయక్కర్లేదు, కూలర్ బరువుకు అదే పరుచుకుంటుంది. బిగించేటప్పుడు గూటాలు ముందు వెనక్కి తిప్పి, ఎదురెదురు మూలలు నొక్కుతూ రండి. నాలుగూ ‘టక్’ మనాలి. ఒకటి మనకపోయినా ఒక పక్క లేచి ఉండి, ముందుకన్నా ఎక్కువ వేడెక్కుతుంది. పేస్టు మార్చాక గంటలోనే ఇబ్బంది వచ్చిందంటే ముందు ఆ గూటాలే చూడండి.

డబ్బాను టేబుల్ అరలో మూసి ఉంచకండి, గోడకు జానెడు దూరం ఉండనివ్వండి. సైడ్ డోరు తీసి వాడడం మీ ఇంట్లో పనికిరాదు, దుమ్ముకు దారి ఇచ్చినట్టే. యార్డు సీజన్ నడిచే నెలల్లో నెలకోసారి గాలి కొట్టుకోండి. ఇంకొకటి: టాలీ తెరిచి ఉండగా సిస్టమ్ ఆగితే డేటా చెడే ప్రమాదముంది. ఇది బాగయ్యేదాకా ప్రతి పూటా పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీయండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ ఛార్జర్ పోతే బయట తక్కువలో దొరికింది కొన్నాం. అప్పటి నుంచి మౌస్ కూడా ఆగి ఆగి కదులుతోంది. వైరసా?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: టాస్క్ మేనేజర్‌లో సీపీయూ మీద నొక్కి ‘స్పీడ్’ చూడండి. ఎంత పని ఇచ్చినా 0.4, 0.8 గిగాహెర్ట్జ్ దగ్గర కదలకుండా ఉంటే ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. అంకె వెంటనే పెరిగితే వైరస్ కాదు, ఛార్జరే. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లు పిన్ను మధ్యలోని సన్నని సూది ద్వారా ఛార్జర్ ఎన్ని వాట్లదో కనుక్కుంటాయి. జవాబు రాకపోతే బ్యాటరీ ఎక్కించవు, వేగాన్నీ అట్టడుగుకు దించేస్తాయి. పాత ఛార్జర్ మీద ఉన్న వాట్లు, వోల్టులు చూసి సరిగ్గా అదే కొనండి.

ప్రశ్న: ఇంట్లోనే డీటీపీ చేస్తాను. ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్ ఉన్నా పేజ్‌మేకర్, ఫోటోషాప్ తెరుచుకోవడానికి నిమిషాలు పడుతోంది. మిగతావన్నీ వేగంగానే ఉన్నాయి.
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఫాంట్స్ ఫోల్డర్‌లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. డీటీపీ సిస్టముల్లో ఎవరు ఏ ఫాంటు పంపినా ఇన్‌స్టాల్ చేసి వదిలేయడం అలవాటు. అవి వేలల్లోకి చేరితే ఇలాంటి ప్రోగ్రాములు తెరిచిన ప్రతిసారీ వాటన్నిటినీ చూసుకోవాలి. రోజూ వాడే వంద ఉంచి, మిగతావి వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకున్నాకే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. విండోస్‌తో వచ్చినవి, ముఖ్యంగా నిర్మలా, సెగో, ఏరియల్, టహోమా జోలికి వెళ్ళకండి.

రెండోది డీఫాల్ట్ ప్రింటర్. అది నెట్‌వర్క్ ప్రింటర్ అయి, ఆఫ్‌లో ఉంటే పేజ్‌మేకర్ దాని జవాబు కోసం కాచుకుని కూర్చుంటుంది. పీడీఎఫ్ ప్రింటర్‌ను డీఫాల్ట్‌గా పెట్టి ఒకసారి తెరిచి చూడండి. అయితే ప్రింటర్ మారితే పేజీ లైన్లు కాస్త జరగవచ్చు, ప్రెస్సుకు పంపే ముందు పాత ప్రింటర్‌కు మార్చి సరిచూసుకోండి.

ప్రశ్న: స్క్రీన్ కింద కుడి పక్కన ‘మీ కంప్యూటర్‌లో వైరస్‌లున్నాయి’ అని నిమిషానికోసారి వస్తోంది. వేగం పెంచే సాఫ్ట్‌వేర్ డబ్బు కట్టి వేసుకున్నా తగ్గలేదు. రిటైరయ్యాను, నాకివన్నీ కొత్త.
– ఒక పాఠకుడు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: అయ్యా, అది వైరస్ హెచ్చరిక కాదు, ప్రకటన. ఎప్పుడో ఏదో సైటులో ‘అలౌ’ నొక్కి ఉంటారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరసగా తెరిచి, అనుమతి ఉన్న జాబితాలో తెలియని సైట్లన్నీ తీసేయండి. వేగం పెంచుతామనే ఆ సాఫ్ట్‌వేర్‌ను కూడా తీసేయండి. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీని శుభ్రం చేస్తే వేగం పెరగదు, పైగా అదే ఎప్పుడూ వెనకాల నడుస్తూ సిస్టమ్‌ను లాగుతుంది. విండోస్‌లోని డిఫెండర్ ఒక్కటి చాలు, రెండు యాంటీవైరస్‌లు వద్దు.

ఆ పెట్టెలో ఫోన్ నంబరు ఉంటే చేయకండి. ఎవరైనా ఫోన్ చేసి ‘మేం బాగుచేస్తాం, ఈ యాప్ వేసుకోండి, అందులో వచ్చే నంబరు చెప్పండి’ అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. అప్పటికే బ్యాంకు డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును దారిలో ఆపే వీలు అంత ఎక్కువ.

ప్రశ్న: మాది ఐ5 ఆరో తరం, ఎస్‌ఎస్‌డీ ఉంది. విండోస్ 11 వేస్తే స్పీడ్ పెరుగుతుందా?
– ఒక విద్యార్థి, భవానీపురం, విజయవాడ

జవాబు: పెరగదు. పైగా విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉంటేనే అధికారికంగా నడుస్తుంది. అడ్డదారిలో వేసి ఇస్తామంటారు కానీ, అలా వేసినదానికి ముందుముందు అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. అలాగని విండోస్ 10లో నిశ్చింతగా ఉండడానికీ లేదు. దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇళ్ళలో వాడేవాళ్ళు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు పెట్టారు.

మీ పని బ్రౌజర్, చదువు, కోడింగ్ వరకే అయితే విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ ప్రయత్నించండి. 4 జీబీ ర్యామ్‌తోనే హాయిగా నడుస్తుంది, తెలుగు టైపింగూ ఉంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడొచ్చు. పెన్‌డ్రైవ్ మీద నడిచేటప్పుడు నెమ్మదిగానే ఉంటుంది, దాన్నిబట్టి వేగం అంచనా వేయకండి. అప్పుడు చూడాల్సింది మీ వైఫై, ప్రింటర్, సౌండ్ పనిచేస్తున్నాయా లేదా అన్నదే.