అన్నీ దొరుకుతున్నప్పుడు ఎవరో ఏరి పెట్టడం ఎందుకు?

"అన్నీ నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి కదా, ఇంకా క్యూరేషన్ అంటూ ఒకరు ఏరి పెట్టడానికి విలువేముంది?" అని అడిగారు. మా ఊరి గ్రంథాలయంలో పిల్లల పుస్తకాలు చూసుకునే మనిషిగా చెప్తున్నాను: విలువ చాలా ఉంది.

మాకు పుస్తకాలు ఎక్కువగా విరాళంగానే వస్తాయి. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు అట్టపెట్టెలు దించేసి పోతారు. విప్పితే పాత ఎంసెట్ గైడ్లు, వారపత్రికల్లోంచి చింపి కుట్టుకున్న సీరియళ్లు, పంచాంగాలు, వాటి మధ్య బైండు చేయించిన చందమామలు. ఇదివరకు అన్నిటినీ బీరువాల్లో సర్దేసేవాళ్లం. పిల్లలు వచ్చి, ఏది తీయాలో తెలియక, కాసేపు ఫ్యాన్ కింద కూర్చుని వెళ్లిపోయేవారు.

తర్వాత గుమ్మం పక్కన ఒక బల్ల వేసి, కొన్ని పుస్తకాలే అట్ట కనబడేలా పెట్టాం. ఒక్కో పుస్తకంలో ఒక చీటీ. "మూడో కథతో మొదలుపెట్టు. దెయ్యం ఉంది కానీ మంచిది" అని ఒకదాన్లో రాశాను. ఆరో తరగతి పిల్ల ఒకమ్మాయి అది చూసి, నిలబడే కథంతా చదివేసి, "ఇలాంటిది ఇంకోటుందా అంకుల్?" అంది. ఆ పుస్తకం ఏళ్ల తరబడి బీరువాలో ఉన్నదే!

ఆ రెండు ముక్కలు రాయాలంటే పుస్తకం పూర్తిగా చదివుండాలి, చదవబోయే పిల్లలెవరో తెలిసుండాలి. విలువంతా అక్కడే ఉందని నా నమ్మకం.

వేమన పద్యాలే చూడండి. ఒక్కో రాతప్రతిలో ఒక్కోలా ఉంటాయి. సి.పి. బ్రౌన్ ప్రతులు సేకరించి, పోల్చి చూసి, 1829లో 693 పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. 1839లో మళ్లీ వేసేసరికి అవి 1164 అయ్యాయి. అంటే తన ఎంపికను తనే మళ్లీ తెరిచాడు. ఆ ఎంపికతో మనం తగువు పడొచ్చు. కానీ తగువు పడాలన్నా, ముందు ఒకరు "ఇవీ నేను ఏరినవి" అని బాధ్యత తీసుకోవాలి కదా.

ఒకరి ఇష్టాలే రాజ్యమేలతాయన్న భయం మాత్రం నిజమే. అందుకే బల్ల బాధ్యత మా దగ్గర నెలకొకరిది. బల్ల మీదికి రానివి బీరువాల్లో భద్రంగా ఉంటాయి. ఈ నెల వంతు ఒక ఇంటర్ కుర్రాడిది: అంతా క్రికెట్టు, అంతరిక్షం. నేనైతే పెట్టేవాణ్ని కాదు, పిల్లలు మాత్రం వరసపెట్టి తీసుకెళ్తున్నారు.