కెమెరా పట్టకముందు ఆ చేతులు ఏం పని చేశాయో చూడండి

"దర్శకుడు అంతకుముందు చేసిన పని అతని సినిమా కనిపించే తీరును నిజంగా మారుస్తుందా?" అని అడిగారు. మారుస్తుంది. నేను కళ్ళారా చూశాను.

ఒక షార్ట్ ఫిల్మ్‌కి అసిస్టెంట్‌గా పనిచేశాను. దర్శకుడు అంతకుముందు పదేళ్ళు స్టిల్ ఫొటోగ్రాఫర్. ఒక ముసలాయన కిటికీ పక్కన కూర్చుని ఉత్తరం చదివే సీను. ట్రాలీ మీద నెమ్మదిగా దగ్గరకు వెళ్దామన్నాడు కెమెరామెన్. ఈయన వినలేదు. ఒక కన్ను మూసుకుని నిలబడి కుర్చీని జానెడు జరిపించాడు. మళ్ళీ వెనక్కి. గ్లాసు తీయించాడు, మళ్ళీ పెట్టించాడు. గంటన్నర ఇదే పని. వెలుతురు పోతోందని మాకందరికీ టెన్షన్. ఆయన కాచుకుని ఉన్నది ఆ పోయే వెలుతురు కోసమే! ఎండ కాగితం మీద నుంచి జారి ముసలాయన వేళ్ళ మీదకు రాగానే "యాక్షన్" అన్నాడు. కెమెరా కదల్లేదు. ఒక్కటే టేక్.

ఎడిటింగ్‌లో తిప్పలు మొదలయ్యాయి. ఆ షాట్ పక్కన వేయడానికి ఇంకో కోణమే లేదు, ఎడిటర్ మండిపడ్డాడు. ఫొటోగ్రాఫర్‌కి ఒక్క ఫ్రేమ్‌లోనే మొత్తం చెప్పేయడం అలవాటు, తర్వాతి షాట్ సంగతి తట్టదు. నేను నాటకాల్లోంచి వచ్చాను. నా మొదటి షార్ట్ ఫిల్మ్‌లో నలుగురూ ఒకే వరుసలో, మొహాలు ఇటు తిప్పి నిలబడ్డారు. ఒక్కరి వీపూ కనబడదు. కావాలని పెట్టింది కాదు, నాకు అలాగే వచ్చింది.

పెద్దవాళ్ళైనా అంతే. సత్యజిత్ రాయ్ అడ్వర్టైజింగ్ కంపెనీలో ఆర్టిస్టుగా ఉన్నప్పుడే 'పథేర్ పాంచాలీ' నవల పిల్లల ప్రతికి బొమ్మలు వేశారు. వాటిలో కొన్ని 1955లో ఆయన తీసిన సినిమాలో షాట్లుగా కనిపిస్తాయి. అమెరికన్ దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ కుర్రతనంలోనే 'లుక్' పత్రిక ఫొటోగ్రాఫర్. 'బారీ లిండన్' (1975)లో కొవ్వొత్తుల వెలుగులోనే సీన్లు తీయడానికి నాసా కోసం తయారుచేసిన, బాగా తక్కువ వెలుతురులోనూ పనిచేసే ఎఫ్ 0.7 లెన్సులు సంపాదించాడు. వెలుతురు కోసం అంత పంతం ఫొటోగ్రాఫర్‌కే ఉంటుంది. ఇక మన బాపు గారు. 1967లో 'సాక్షి'తో దర్శకుడయ్యేనాటికే పేరున్న చిత్రకారుడు, కార్టూనిస్టు. ఆయన ఫ్రేములో మనిషి చుట్టూ ఎంత ఖాళీ వదిలారో చూడండి, అది కాగితం మీద గీసే చెయ్యి వదిలిన ఖాళీ.

ఇప్పుడేమో విజువల్ స్టైల్ అంటే కలర్ గ్రేడింగ్, అంటే షూటింగ్ అయ్యాక రంగులు దిద్దడం అనుకుంటున్నారు. ఫలానా దర్శకుడి లుక్ అంటూ ప్రీసెట్లు (రెడీమేడ్ రంగుల సెట్టింగులు) అమ్ముతున్నారు, పిల్లలు కొంటున్నారు. చూస్తే బాధేస్తుంది. ఆ ముసలాయన షాట్‌కి మేం రంగులేమీ దిద్దలేదు. అంత తిట్టిన ఎడిటర్ కూడా చివరికి దాన్ని ఒక్క ఫ్రేమ్ కోయకుండా అలాగే ఉంచేశాడు.