రెండు నిమిషాల గూఢచారికి ఒక క్యారియర్ చాలు

ప్రశ్న: "మాస్ కమ్యూనికేషన్ రెండో సంవత్సరం చదువుతున్నాం. ప్రాజెక్ట్ కోసం రెండు నిమిషాల గూఢచారి థ్రిల్లర్ ఓపెనింగ్ తీయాలి. నలుగురం ఉన్నాం, ఫోన్ కెమెరా ఉంది, ఐదు వేలు బడ్జెట్. డమ్మీ పిస్తోలు, కోటు హైదరాబాద్‌లో ఎక్కడ అద్దెకు దొరుకుతాయి? ప్లానింగ్ ఎలా చేసుకోవాలి?"

ఎక్కడ దొరుకుతాయో తెలుసు గానీ చెప్పను. ముందు ఆ రెండూ మానుకోండి. ఏప్రిల్‌లో హైదరాబాద్ రోడ్డు మీద కోటు వేసుకుని నడిచేవాణ్ణి చూసి ఎవరూ గూఢచారి అనుకోరు, పెళ్లి బస్సు తప్పిపోయిన పెళ్లికొడుకు అనుకుంటారు. 1966లో ‘గూఢచారి 116’ వచ్చినప్పటి నుంచీ మన బుర్రల్లో గూఢచారి అంటే కోటు, నల్లద్దాలు, పిస్తోలు. కృష్ణ గారికి అది నప్పింది. క్లాసులో కాస్త పొడుగ్గా ఉన్నాడని మీరు హీరోని చేసిన కుర్రాడికి వాళ్ల బావగారి రిసెప్షన్ కోటు తొడిగితే భుజాలు కిందికి జారి, చేతులు లోపలికి పోయి, థ్రిల్లర్ కాస్తా కామెడీ అవుతుంది. నవ్వకుండా చూసేది వాళ్లమ్మ ఒక్కతే.

నేను 2016లో డిగ్రీ ఆఖరి సంవత్సరంలో సరిగ్గా ఇదే తీశాను. ఇప్పుడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకుని బతుకుతున్నాను కాబట్టి నన్ను పెద్ద దర్శకుణ్ణి అనుకోకండి. కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం ఇక్కడ జవాబులు రాసేవాళ్లందరికంటే నాకే ఎక్కువ తెలుసు. దీని కోసం పోలీస్ స్టేషన్ బల్ల మీద మూడు గంటలు కూర్చున్నవాణ్ణి.

మా కథ చాలా చిన్నది. తెల్లవారుతుండగా ఒక బస్టాప్. బెంచీ మీద ఒక ముసలాయన, పక్కన నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్. బెంచీ అవతలి చివర పేపరు చదువుతున్న కుర్రాడు. బస్సు వస్తుంది. ముసలాయన క్యారియర్ అక్కడే వదిలేసి ఎక్కేస్తాడు. కుర్రాడు పేపరు మడిచి, క్యారియర్ తీసుకుని, బస్సు వెళ్లిన దిక్కుకి ఎదురుగా నడిచి వెళ్లిపోతాడు. టైటిల్ పడుతుంది. ఒక్క డైలాగు లేదు, ఒక్క పరుగు లేదు. చూసేవాడికి ‘అందులో ఏముంది’ అనిపిస్తే చాలు, ఓపెనింగ్ పని అయిపోయినట్టే. రెండు నిమిషాల్లో హీరో ఎవరు, విలన్ ఎవరు, దేశానికి ఏం ప్రమాదం వచ్చింది అని వాయిస్ ఓవర్‌లో చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. మీకు కథంతా చెప్పమని ఎవరు చెప్పారండీ?

ప్లానింగ్ గురించి అడిగారు కాబట్టి అదీ చెబుతాను. ఆ బస్టాప్‌కి నాలుగు ఆదివారాలు, ఒకే టైముకి వెళ్లాం. సినిమావాళ్లు దీన్ని రెక్కీ అంటారు. చాలామంది మధ్యాహ్నం వెళ్లి చూసొచ్చి, పొద్దున షూటింగ్ పెట్టుకుంటారు. వెలుతురు వేరు, జనం వేరు, మూసి ఉన్న షట్టర్లు వేరు. ఏ బస్సు ఎన్నింటికి వస్తుందో, ఎంతసేపు ఆగుతుందో రాసుకున్నాం. ఎదురుగా జిరాక్స్ షాపు మెట్లు ఆ టైమ్‌లో ఖాళీగా ఉంటాయని తెలిసింది. కెమెరా అక్కడే, దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగే లాంగ్ లెన్స్‌తో. దూరం నుంచి తీస్తే ఎవరో దొంగచాటుగా చూస్తున్నట్టు ఉంటుంది, గూఢచారి కథకి సగం పని లెన్సే చేస్తుంది. స్టోరీబోర్డు, అంటే షాట్లు వరసగా చూపించే బొమ్మలు, వేయడం మాలో ఎవరికీ రాదు. అందుకని మేమే ఆ బెంచీ మీద కూర్చుని, ఫోన్‌తో 26 ఫోటోలు తీసి, వరసగా నోట్‌బుక్‌లో అంటించాం. మీరూ అలాగే చేయండి. ముసలాయన ఎప్పుడూ ఎడమవైపు, కుర్రాడు కుడివైపు. కెమెరా రోడ్డు దాటి అటువైపు వెళ్లకూడదు. వెళ్తే ఇద్దరూ ఒకరి వీపు ఒకరు చూసుకుంటున్నట్టు తయారవుతుంది.

ఇంకో సంగతి. ఖాళీ క్యారియర్ పట్టుకుని నడిస్తే తెలిసిపోతుంది. చెయ్యి ఊగే తీరులోనే అబద్ధం కనిపిస్తుంది. అందుకని మా అమ్మ క్యారియర్‌లో నాలుగు గిన్నెల నిండా కంకర పోశాను. చప్పుడు కాకుండా ఒక్కో పొరకీ పేపరు చుట్టి మరీ కూరాను. ఆ తెలివికి నన్ను నేను తెగ మెచ్చుకున్నాను కూడా.

ముసలాయన వేషం మా ఫ్రెండ్ వాళ్ల తాతయ్యది. వయసులో ఉన్నప్పుడు పౌరాణిక నాటకాలు ఆడిన మనిషి. ఆయనకి మేం చెప్పింది ఒక్కటే: "తాతయ్యా, బస్సెక్కాక ఎవరు పిలిచినా వెనక్కి తిరగొద్దు. ఆ డబ్బాతో నీకు సంబంధం లేదు." తలూపాడు.

షూటింగ్ రోజు బస్సు చెప్పినట్టే వచ్చింది. తాతయ్య ఎక్కాడు. మేం నాలుగు వారాలు చూసినా లెక్కలోకి తీసుకోని మనిషి ఒకరున్నారు, స్టాప్ పక్కన పూలమ్మే ఆమె. క్యారియర్ చూసింది, ఒక్క అంగలో అందుకుంది, బస్సు పక్కన పరిగెత్తుతూ చేత్తో దబదబా బాదింది. "ఆపుండ్రి, ఆపుండ్రి! ఓ తాతా, నీ డబ్బా మర్చిపోయినవ్!"

బస్సు ఆగింది. తాతయ్య కిటికీ పక్క సీట్లో నిటారుగా కూర్చుని, ముందుకే చూస్తూ, పాత్రలోంచి అంగుళం కూడా బయటికి రాకుండా "నాది కాదమ్మా" అన్నాడు. కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు వెళ్లిపోయింది.

ఆమె అక్కడే నిలబడిపోయింది. క్యారియర్ బరువు చూసుకుంది. గిన్నెల్లో అన్నం ఉంటే అంత బరువుండదు కదా. తర్వాత ఆమె చేసింది నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది: మోకాళ్లు వంచి, రెండు చేతులతో, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు దాన్ని ఫుట్‌పాత్ మీద పెట్టింది. పెట్టి, తన అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది. అప్పుడు వెనక్కి నడిచింది, దాని మీంచి చూపు తిప్పకుండా.

ఎవరో ఆటో అన్న గట్టిగా అడిగాడు. "ఎవర్ది రా ఆ డబ్బా?"

ఎవరూ పలకలేదు. చూస్తుండగానే జనం జరిగిపోయి క్యారియర్ చుట్టూ పది పదిహేను అడుగులు ఖాళీ అయిపోయింది. మా హీరో? వాడు స్క్రిప్టు ప్రకారం పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని బెంచీ మీదే ఉన్నాడు. అంతమందిలో కదలనివాడు వాడొక్కడే. వాడు ఎంత అనుమానంగా కనిపించాడో నేను వేరే చెప్పక్కర్లేదు.

అది దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్లే రోడ్డు. 2013 ఫిబ్రవరి 21న అక్కడ బస్టాప్ దగ్గర్లో జంట పేలుళ్లు జరిగి మూడేళ్లయింది, అంతే. 2007లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్ల సంగతి ఆ జనంలో సగంమందికి గుర్తుండే ఉంటుంది. నేను ఇరవై ఏళ్లవాణ్ణి, ఈ ఊళ్లోనే పెరిగినవాణ్ణి. నాలుగు వారాల ప్లానింగ్‌లో ఆ మాట నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. బస్సు టైములు రాసుకున్నాను, నీడలు ఎటు పడతాయో రాసుకున్నాను.

ఇంకా సిగ్గుపడాల్సిన విషయం చెబుతాను. నేను రోడ్డు దాటి "అమ్మా, అది మాదే, సినిమా తీస్తున్నాం" అని చెప్పడానికి పది సెకన్లు చాలు. చెప్పలేదు. కెమెరామన్ భుజం పట్టుకుని "ఆపకు, ఆపకు" అన్నాను. ఫ్రేమ్‌లో నిజమైన భయం దొరికింది. దాదాపు ముప్పావు నిమిషం అలా తీస్తూనే ఉన్నాం.

కానిస్టేబుల్ వచ్చాక అందరం వెళ్లి కాళ్లావేళ్లా పడ్డాం. ఆయన మాచేతే మూత తీయించాడు. లోపల పేపర్లు చుట్టిన కంకర చూసి కాసేపు ఏమీ అనలేదు. "ఏం పని చేస్తుండ్రు మీరు? మీ అయ్యకు ఫోన్ కొట్టు" అన్నాడు చివరికి. రోడ్డు మీద షూటింగ్‌కి పర్మిషన్ ఏదని అడిగితే మా దగ్గర ఉన్నది కాలేజీ ఐడీ కార్డులే. తర్వాత స్టేషన్, మా హెచ్‌ఓడీ రావడం, క్షమాపణ లెటరు, మెమొరీ కార్డులో ఉన్నదంతా మా చేత్తోనే డిలీట్ చేయించడం. వాళ్లని ఒక్క మాట అనను, వాళ్ల స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. ఆ తొందరలో క్యారియర్ గిన్నె ఒకటి అక్కడే ఉండిపోయింది.

ఓపెనింగ్ మొత్తం కాలేజీ ఆవరణలో మళ్లీ తీశాం. కాలేజీ బస్సే సిటీ బస్సు, బెంచీ క్యాంటీన్‌ది. విజువల్స్ చప్పగా ఉన్నాయి. జనం లేరు, రోడ్డు లేదు. వారం తర్వాత మా హీరో ఫోన్ చేశాడు. షూటింగ్ రోజు పేపరు చప్పుడు, బస్సు చప్పుడు దగ్గర నుంచి కావాలని వాడి చొక్కా జేబులో ఫోన్ రికార్డింగ్‌లో పెట్టాం. స్టేషన్‌లో కెమెరా అడిగారు గానీ ఫోన్ ఎవరూ అడగలేదు. మొత్తం అందులో ఉంది. బస్సు దూరంగా వెళ్లడం, ఆమె గొంతులో "నీది కాదా?" అన్న మాట, ఆ తర్వాత ఒక నిశ్శబ్దం, చెప్పులు వెనక్కి జరుగుతున్న చప్పుడు, "ఎవర్ది రా ఆ డబ్బా?"

సినిమా మొదట్లో బొమ్మ తీసేశాను. నల్ల తెర మీద పేర్లు, వెనక ఆ సౌండ్, 40 సెకన్లు. తర్వాతే బెంచీ కనిపిస్తుంది. క్లాసులో అందరూ నిశ్శబ్దమైపోయారు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ "ఆ ఆడమనిషి ఎవరు, చాలా బాగా చేసింది" అని అడిగితే, "థియేటర్ ఆర్టిస్ట్ సార్" అని చెప్పాను.

అందుకే అంటున్నాను, ముందు సౌండ్ ప్లాన్ చేసుకోండి, తర్వాతే షాట్లు. డబ్బులన్నీ కెమెరా అద్దెకి తగలేసి, ఇంటర్నెట్‌లో దొరికిన ఢమఢమా మ్యూజిక్ అతికించేవాళ్లకి థ్రిల్లర్ రాదు. ఏ చోట తీసినా కదలకుండా ఒక నిమిషం అక్కడి ఖాళీ చప్పుడు రికార్డ్ చేసుకోండి, ఎడిటింగ్‌లో అది లేకపోతే కట్ కట్‌కీ చెవికి తగులుతుంది. కానీ నాలాగా తెలియనివాళ్ల భయాన్ని దొంగిలించి పెట్టుకోమని మాత్రం చెప్పను. రెండు వారాల తర్వాత ఆమె దగ్గరికి వెళ్లాను, చెబుదామనే. "ఎన్ని మూరలు బిడ్డా?" అంది, గుర్తుపట్టలేదు. రెండు మూరల మల్లెపూలు కొనుక్కుని వచ్చేశాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ట్యూబ్‌లైట్ గదిలో తీస్తే షట్టర్ స్పీడు 1/50, అంటే సెకనులో యాభయ్యో వంతు, పెట్టండి, సెకనుకి 25 ఫ్రేములు. మన కరెంటు 50 హెర్ట్జ్, దానికి పొసగని లెక్కలో తీస్తే తెర మీద చారలు పాకుతాయి. ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయకపోతే ఫోన్ తనే దర్శకత్వం మొదలుపెడుతుంది. గూఢచారి ఐడీ కార్డు క్లోజప్ అని మూడు సింహాల బొమ్మ ప్రింట్ తీయకండి, జాతీయ చిహ్నం దుర్వినియోగం మీద 2005 నుంచి చట్టమే ఉంది. జేమ్స్ బాండ్ సినిమాల మొదట్లో తుపాకీ గొట్టం లోంచి చూసే ఆ తెల్లటి గుండ్రం కూడా వద్దు. 1962లో మొదటి బాండ్ సినిమా ‘డాక్టర్ నో’ కోసం టైటిల్స్ చేసిన మారిస్ బైండర్ నిజమైన గొట్టంలోంచి పిన్‌హోల్ కెమెరాతో తీశాడు దాన్ని. మీరు యాప్‌లో రెడీగా దొరికే టెంప్లేట్ వేస్తారు, తేడా ఎవరికైనా తెలుస్తుంది. పేర్లు ఒక్కోటి మూడు సెకన్లు అనుకోండి, పది పేర్లు వేస్తే అర నిమిషం పోయింది. కథ, మాటలు, కూర్పు, దర్శకత్వం అని ఒకే కుర్రాడి పేరు నాలుగుసార్లు వేసే జబ్బు మీకుంటే ఇప్పుడే తగ్గించుకోండి.

ఐదు వేలలో కాలర్ మైక్ ఒకటి కొనండి, అవసరమైతే రెండోది అద్దెకు తెచ్చుకోండి. తాతయ్య లాంటి వాళ్లుంటే ఆటో ఖర్చు, టిఫిన్లు మీవే. కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించి, స్టేషన్‌కి ముందే వెళ్లి కలిసి పర్మిషన్ తెచ్చుకోండి. రోడ్డు పక్కన రోజూ ఉండేవాళ్లకి, పూలమ్మేవాళ్లు, ఆటోవాళ్లు, టీ కొట్టువాళ్లు, ఏం చేయబోతున్నారో ముందు రోజే చెప్పండి. బ్యాగూ డబ్బా రోడ్డు మీద వదిలే సీనైతే అసలు బయట తీయకండి, క్యాంటీన్ బెంచీయే మేలు.

క్యారియర్ కావాలంటే నాదే ఇస్తాను, మూడు గిన్నెలే ఉంటాయి. నాలుగోది ఏమైందని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది, హాస్టల్లో పోయిందని చెబుతున్నాను.